పారేయమన్న ఫుకుషిమా పండ్లు

ఆ పెట్టె మూత తీసిన మధ్యాహ్నం నాకు నిద్రలాంటిదేదో పట్టింది. వంటగదిలో నిలబడే ఉన్నాను, చేతిలో గిన్నె కూడా ఉంది. కానీ ఆ వాసన! పీచ్ పండ్లు. ఒక్కోదానికీ పసిబిడ్డకు టోపీ పెట్టినట్టు తెల్లటి తొడుగు. కిటికీ బయట కువైట్ అంతా దుమ్ములో మునిగి పసుపు నీళ్లలా ఊగుతోంది. లోపల నేను ఎవరి తోటలోనో నడుస్తున్నాను.

ఆ పండ్లు నేను పనిచేసే ఈ ఇంటావిడకు, ఇక్కడి అలవాటు ప్రకారం నేను మామా అని పిలిచే ఆమెకు, జపాన్ వెళ్లొచ్చిన చుట్టం ఇచ్చినవి. మామా కూతురు పెట్టె మీది పేరు ఫోన్‌లో వెతికి, "ఫుకుషిమా!" అని అరిచింది. అణు కరెంటు కేంద్రం పేలిన చోటట. పండ్లను పరీక్ష చేసిన కాగితం లోపల ఉందని కూడా ఆ పిల్లే చెప్పింది. మామా కాగితం వైపు చూడనైనా లేదు.

"ఖలాస్, ఇక చాలు. పారేయ్. చేతులు సబ్బుతో కడుక్కో."

నేను ఏడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. అణువు గురించి నాకు తెలిసింది ఒక్కటే: కడప జిల్లాలో మా అరటి తోటకు కాస్త అవతలే యురేనియం గని ఉంది, దాని నీళ్లు మా పంటలోకి వస్తాయని జనానికి భయం. ఆ పొద్దున్నే మా ఆయన ఫోన్ చేశాడు.

"గెలలు పండుబారుతాండాయిమే. మనూరి పేరు చెప్తానే యాపారి ఫోన్ పెట్టేసినాడు."

"నీళ్ల పరీక్ష కాగితం సూపీలేదా?"

"ఫోన్‌లో పంపిచ్చినా. కాగితమేమన్నా తింటామా అని మెసేజి పెట్టె."

పెట్టెను చెత్తడబ్బా దాకా మోశాను. పారేయడానికి చేతులు రాలేదు. ఎక్కడో ఒకావిడ, నాలాగే తలకు గుడ్డ చుట్టుకుని, కాయకాయకూ ఈ తొడుగు వేస్తూ కనిపించింది. ఆమె ముఖం నాకు తెలియదు. పక్కనున్న ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూసే ఆ చూపు మాత్రం తెలుసు.

ఒక పండు కడిగి కోశాను. మామా ఎదుటే కొరికాను. రసం మోచేతి దాకా కారింది.

"పిచ్చిదానా! ఏం చేశావ్?"

"ఏం కాదు మామా. రాత్రికి నేను వెలిగానంటే వంటింట్లో లైటు వేయక్కర్లేదు," అన్నాను నా అరకొర అరబ్బీలో.

కూతురు పకపకా నవ్వింది. మామా నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది, నేను ఏ వైపు నుంచి వెలుగుతానో చూద్దామన్నట్టు. రెండో ముక్క తిన్నాను. మూడోది. ఆ తీపికి కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. తెరిచేసరికి మామా వేళ్లు పళ్లెం అంచు మీద ఉన్నాయి. గోరంత ముక్క నోట్లో పెట్టుకుంది. ఇంకోటి తీసుకుంది.

చేతులు తుడుచుకుని మా ఆయనకు వాయిస్ మెసేజ్ పెట్టాను.

"యోవ్, యాపారికి ఫోన్లు సేయాకు. ఒక గెల బండి మీద ఏసుకోని వాళ్ల మండీకే పో. కాగితం తీయాకు. వాళ్ల ముందర పండు ఒలుచుకోని తిను. ఊరికే తినాకు, కండ్లు మూసుకోని తిను."