నీటి నడుమ దీపస్తంభం, గంగారాం వాళ్ళ అవ్వ

'దీపం కొరకు స్తంభం' అని తరగతి గదిలో ఎన్నో ఏళ్ళు విగ్రహవాక్యం చెప్పాను గాని, ఆ స్తంభాన్ని ఒక్కసారైనా చేత్తో తాకి ఎరుగను. ప్రపంచ కప్పు కోసం దోహా నగరమంతా తవ్వి కడుతున్న ఒక శీతకాలంలో, అల్ మన్సూరాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఉత్తర తీరాన సముద్రం భూమిలోకి చొచ్చుకువచ్చి పెద్ద సరస్సులా నిలిచిన చోట, నీటి నడుమ తిప్ప మీద ఒక పాత దీపస్తంభం ఉందనీ, దాన్ని బాగుచేసి సందర్శకులకు తెరిచారనీ అల్లుడు చెప్పాడు. శుక్రవారం తనకు తెలిసిన గంగారాంను కారుతో పంపాడు. గంగారాంది జగిత్యాల ప్రాంతం. లుసైల్‌లో ఒక కంపెనీలో పికప్ నడుపుతాడు.

ఉదయం ఆరింటికి బయలుదేరాము. టాక్సీకి రానుపోను రెండువందల యాభై రియాళ్ళ వరకు అడుగుతారని విన్నాను. ఇతడు పెట్రోలు పోయిస్తే చాలన్నాడు. ముందు సీటులో గుడ్డ కట్టిన స్టీలు క్యారియర్ ఉంది. లుసైల్ క్రేన్లు దాటి ఉత్తరపు రహదారిలో గంటసేపు ప్రయాణించాక, దారిపక్క హోటల్లో పరోటా, టీ తీసుకున్నాను. అతడు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఒంట్లో బాగాలేదా నాయనా?"

"బాగనే ఉన్న సారూ. ఒక్కపొద్దు. ఇయ్యాల మా అవ్వ పదకొండో దినం."

వారి వైపు తల్లిని అవ్వ అంటారు.

"మరి ఊరికి వెళ్ళలేదేం?"

"కప్పు అయ్యేదాక లీవు మాఫీ అన్నడు ఫోర్‌మన్. 'పోయినామె పోయింది, పని ఆగుతదా' అన్నడు." మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో 'లేదు'.

ఆ క్యారియర్ సంగతి అప్పుడు తెలిసింది. పోయినవారికి ఇష్టమైనవి వండి ఆరుబయట పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవడం వారి ఆచారం. 'పిట్టకు పెట్టుడు' అంటారు. ముట్టకపోతే తీరని కోరికేదో ఉన్నట్టు. దాన్ని తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. మూడోనాడు ఇతడి అన్న పెడితే ఊళ్ళో కాకి ముట్టలేదు.

"చిన్నోని కోసం సూస్తుందని అందరు అంటుండ్రు సారూ. మా క్యాంప్ కాడ అన్ని పావురాలే, కాకి మాఫీ. ఈ దీపం కాడ ఉంటయని మావోడు చెప్పిండు. అందుకే మీరు పోతరనంగనే వస్తనన్న."

రేవు దగ్గర అతడి ఫోను మోగింది. అన్న. ఇవాళ కూడా ముట్టలేదట.

పడవకు మనిషికి నలభై రియాళ్ళు. నడిపే మొయిదీన్ కేరళ మనిషి. ఆటు మొదలయ్యేలోపు తిరిగి రావాలని, లేకపోతే పడవ బురదలో కూర్చుంటుందని హిందీలో ముందే హెచ్చరించాడు. నీరు కదలకుండా ఉంది. ఇరవై నిమిషాల్లో తిప్ప చేరాము.

స్తంభం నేను ఊహించినంత ఎత్తు లేదు. పగడపు రాయికి కొత్తగా సున్నం వేశారు. చేయి ఆన్చితే చల్లగా, గవ్వ ముక్కలతో గరుకుగా తగిలింది. ఇరుకు మెట్లెక్కితే పైన కొత్త అద్దాల గది, అందులో వెలగని దీపం. ఇప్పుడు ఓడలకు దీని అవసరం లేదట. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

కిందికి వచ్చేసరికి గంగారాం అరుగు మీద కాగితపు పళ్ళెంలో అన్నం, మాంసం, గారెలు సర్ది, గ్లాసులో లబన్ పోస్తున్నాడు. లబన్ అంటే ఇక్కడి మజ్జిగ.

"అవ్వకు కల్లంటే పాణం సారూ. ఈడ యాడ దొరుకుతది? తెల్లగుంది గదా అని ఇది తెచ్చిన. పులిసిన కల్లు పోసినవేందిరా అని తిడ్తది, గంతే."

నవ్వబోయి ఆగిపోయాడు. దీపపు గది కమ్మీ మీద ఒక కాకి ఉంది. కిందికి చూస్తోంది గాని దిగడం లేదు.

"అవ్వా, అన్నతోటి కొట్లాడను. ఇంటికి సున్నమేపిస్త," అన్నాడు. కాకి కదలలేదు.

"చివరిసారి ఫోనులో ఏమంది?" అని అడిగాను.

అతడు తల దించుకున్నాడు. "ఇగ సాలు బిడ్డా, వచ్చెయ్ అన్నది. కంపెనీ ఇంకో రెండేండ్లు ఉండుమన్నది. నేను మొన్ననే సరే అన్న."

"యల్లా, పదండి! నీళ్ళు పోతున్నాయి!" మొయిదీన్ కేక వేశాడు.

గంగారాం చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు. "అవ్వా, కప్పు కాంగనే వస్త. మళ్ళ ఈడికి రాను. సారు సాక్షి."

కాకి దిగలేదు. ఇక ఆగే వీలు లేదు. అతడి భుజం మీద చేయి వేసి పడవ ఎక్కించాను. తిప్ప వెనకబడుతుండగా అతడే ముందు చూశాడు. నల్లటి రెక్కలు అరుగు మీద వాలాయి. అన్నం మెతుకులు ఎగిరాయి.

"ముట్టింది సారూ!" ఏడుస్తూ అన్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మనం దగ్గర నిలబడ్డందుకే రాలేదేమో," అన్నాడు.

"అయితే మాట వెనక్కి తీసుకుంటావా?"

"అది అవ్వకిచ్చిన మాట సారూ. కంపెనీకిచ్చింది కాదు."

రేవులో దిగగానే క్యారియర్‌లో మిగిలిన రెండు గారెలు తిని, అన్నకు ఫోను చేశాడు.

దీపస్తంభం దారి తప్పిన ఓడలకని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ ఆ పగటివేళ వెలగని దీపం కింద ఒక మనిషికి ఇంటి దారి కనిపించడం చూశాను. మీరు వెళ్ళదలిస్తే ఆటుపోట్ల వేళ ముందే కనుక్కుని, పడవవానితో అదనంగా అరగంట మాట్లాడుకోండి. పిట్టల కోసం ఏదైనా తీసుకువెళితే అరుగు మీద పెట్టి, దూరంగా జరగండి.