పేరు పక్కన బండి నంబరు

మొన్న వనపర్తి బస్టాండులో కరెంటు బస్సు చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడేసరికి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాను. ఎక్కి కూర్చున్నాక మాత్రం నా ముక్కు అలవాటుగా కానుగ నూనె వాసన కోసం వెతికింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సర్కారు బస్సుల డీజిలులో కానుగ నూనెతో చేసిన ఇంధనం కొంత కలపాలని నిబంధన వచ్చిన కాలం. అప్పుడు నేనొక డిపోలో డీజిలు లెక్కలు రాసేవాణ్ణి. చదువు పదితోనే ఆగినా, గద్వాలలో మా నాన్న మగ్గం దగ్గర పోగులు లెక్కపెడుతూ నేర్చుకున్న లెక్కే నాకు అన్నం పెట్టింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారో డ్రైవర్ల పేర్లవారీగా రోజూ నల్లబోర్డు మీద రాయాలి. నెలంతా తక్కువ తెచ్చినవాళ్ళను రూటు తప్పించి షెడ్డులో కూర్చోబెట్టేవారు.

మా మేనమామ పేరు ఏళ్ళ తరబడి బోర్డు పైవరుసలోనే ఉండేది. రిటైరవడానికి నాలుగు నెలలుందనగా గద్వాల, నాగర్‌కర్నూల్ రూటులో ఆయనకు కానుగ నూనె కలిపిన బండి ఇచ్చారు; మొదట్లో కొన్ని బండ్లకే కలిపేవారు. చీరల మూటతో ఎక్కిన ఒకావిడ పొగ వాసనకు, "ఏందన్నా, బండిల మిర్చి బజ్జీలు ఏస్తున్నవా?" అంటే బస్సంతా నవ్విందని ఆయనే చెప్పాడు. కానీ అయిదు పాయింటు నాలుగు తెచ్చే మనిషి అయిదుకు దిగాడు. ఆయన పేరును బోర్డు అడుగున రాసింది నా చెయ్యే.

"మంచిగ రాసినవ్ అల్లుడా, జర పెద్దక్షరాలు ఏస్తే మీ అత్తకు గూడ కనవడుతుండె" అని నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి డిపోలో టీ తాగడం మానేశాడు.

చీరలో గీత పడితే మా నాన్న నేసిన చేతిని తిట్టే ముందు నూలు మార్చి చూసేవాడు. నెల ముగియవస్తుండగా అది గుర్తొచ్చి, మేనేజరును బతిమాలి, మామకు మామూలు డీజిలు బండి ఇప్పించి, ఆయన బండిని పైవరుస డ్రైవరుకు వారం పాటు అప్పగించేలా చేశాను. మామ మళ్ళీ పాతలెక్కకు ఎక్కాడు, ఆ రెండో ఆయన దిగాడు. తగ్గుదల మనిషి వెంట రాలేదు, బండి వెంటే పోయింది. మేనేజరు కాగితం రెండుసార్లు చూసి, ఇకనుంచి పేరు పక్కన బండి నంబరు, ఏ ఇంధనమో కూడా రాయమన్నాడు. మామ రూటు మీద ఉండగానే రిటైరయ్యాడు. లెక్క తెలిసిన నువ్వు మొదటి వారమే ఎందుకు చూడలేదని ఆయన ఒక్కనాడూ అడగలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొన్న బస్సు దిగుతూ, కరెంటు వాడకం ఎట్లా లెక్కిస్తారని డ్రైవరును అడిగాను. రోజూ ఫోనులో పేర్ల వరుస వస్తుందన్నాడు. ఏసీకి ఎంత పోయిందో, బ్యాటరీ పాతబడినందుకు ఎంత పోయిందో విడిగా చూపుతారా అంటే, "తెల్వదు సార్, పేరొక్కటే వస్తది" అన్నాడు.

పొగ పోయింది, కానుగ వాసన పోయింది, ఆ పొగలో నవ్విన మామ కూడా లేడు. అయితే ఆనాడు పేరు తప్పుచోట పడితే, తుడిచి రాయడానికి సుద్దముక్క పట్టుకున్న అల్లుడైనా ఎదురుగా ఉండేవాడు.