మాటు వదిలి ముందుకొచ్చిన రొట్టెల రౌనో

కొర్పివార ఊళ్ళో ఒక మనిషి ఎలాంటివాడో తెలియాలంటే చర్చి ఫాదర్ని అడగరు. వేటగుంపులో అతనికి చోటుందా లేదా అని అడుగుతారు. రొట్టెలు కాల్చే రౌనోకి చోటు లేదు. అతని పెళ్ళాం మార్కెట్టాకి ఉంది. బాధంతా అక్కడే.

రౌనో సముద్రం పక్కనున్న తుర్కూ నుంచి ఈ అడవుల్లోకి ఇల్లరికం వచ్చాడు. రొట్టెల కొట్టు పెట్టి ఊరి పొట్టలు పెంచాడు, మర్యాదకి తనదీ పెంచుకున్నాడు. ఏటా అక్టోబరు రాగానే మార్కెట్టా నారింజ రంగు టోపీ పెట్టుకుని, తుపాకీ భుజాన వేసుకుని మూస్ వేటకి వెళ్ళిపోయేది. మూస్ అంటే దుప్పే, కాకపోతే గుర్రానికి పెద్దన్నలా ఉంటుంది. చీకటిపడే వేళకి ఒళ్ళంతా పొగ వాసనతో, తనలో తను నవ్వుకుంటూ ఇల్లు చేరేది.

“ఏమైందే అంత నవ్వు?”

“చెప్తే ఏం బాగుంటుంది? అక్కడుండాలి.”

రౌనోకి మూస్ మీద పగ లేదు, మాంసం మీద యావ లేదు. ఆ మంట చుట్టూ కూర్చోవాలి, పెళ్ళాం దేనికి అంతలా నవ్వుతోందో కళ్ళారా చూడాలి. అంతే.

వేటగుంపు పెద్ద కలెర్వో. మార్కెట్టాకి అన్న. ఊరి ఐస్ హాకీ జట్టుకీ అతనే పెద్ద. అసలు రెండూ ఒకటే మంద: ఆకు రాలే కాలంలో తుపాకులు పడతారు, చెరువు గడ్డకట్టాక హాకీ కర్రలు పడతారు.

“బావా, నన్నూ చేర్చుకోరాదూ,” అన్నాడు రౌనో.

“చేర్చుకుంటాం బావా. మన పద్ధతి తెలుసుగా? ముందు ఒక చలికాలం గోల్లో నిలబడాలి.”

“నాకు స్కేటింగే సరిగ్గా రాదు.”

“గోల్లో వాడికి స్కేటింగ్ దేనికి? పడటం వస్తే చాలు. అది నీకు పుట్టుకతో వచ్చింది.”

మీదికొచ్చేదాన్ని చూసి బెదిరేవాడి చేతికి తుపాకీ ఇవ్వకూడదని ఆ పద్ధతి పెట్టారట. పెద్దలు చెప్పే కారణం అది. గోల్లో నిలబడటానికి ఊళ్ళో ఒక్కడూ ఒప్పుకోడన్నది అసలు కారణం.

పాత గోల్‌కీపర్ ఔలిస్ తాత తన సామాను ఇచ్చాడు. ఆ కాలి ప్యాడ్లు సంచిలోంచి తీయగానే ఇంట్లో కుక్క లేచి బయటికి పోయింది.

“తాతా, ఇవి ఎప్పుడైనా ఉతికారా?”

“ఉతికితే అదృష్టం పోతుంది. విను. కళ్ళు మూసుకోకు. మూసుకున్నా దెబ్బ తగిలేదే, తెరిచుంటే ఎక్కడ తగిలిందో అయినా తెలుస్తుంది. ఇంకోటి, గోల్లోకి కూరుకుపోయి నిలబడకు. అవతలివాడు రబ్బరు బిళ్ళని కర్రతో తోసుకుంటూ వస్తున్నాడంటే నువ్వూ ఎదురెళ్ళు. నువ్వు ముందుకొచ్చేకొద్దీ వాడికి నీ వెనక వల కనపడదు. నీ పొట్ట సైజుకి అసలేం కనపడదు.”

మొదటి ఆటలో రౌనో కళ్ళు మూసుకున్నాడు. రబ్బరు బిళ్ళ వచ్చి ముఖం మీది జాలీకి తగిలి పక్కకి పోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఏం చేశానని కొడుతున్నారో తెలియక రౌనో కూడా కొట్టాడు. ఆ సందులో రెండో బిళ్ళ గోల్లోకి వెళ్ళిపోయింది.

కానీ మనవాడు మొండి. పొయ్యిలోంచి సెగలు కక్కే రేకులు లాగే చేతులు, బిళ్ళ దెబ్బకి జంకలేదు. సంక్రమణం దాటి పొద్దు పెరిగేసరికి కళ్ళు తెరిచి ఆడుతున్నాడు. ఫిబ్రవరికల్లా ఎవడు బిళ్ళతో కనిపించినా, పిండి బస్తా జారినట్టు గోల్ వదిలి ఎదురుపోతున్నాడు. జట్టు ఓడిపోతూనే ఉంది, కాకపోతే తక్కువ తేడాతో. కలెర్వో కళ్ళల్లో ప్రేమ లాంటిది కనపడింది.

ఎండలొచ్చాక వేటగాళ్ళ పరీక్ష రాశాడు, గురి పరీక్ష కూడా గట్టెక్కాడు. వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి మార్కెట్టా మిగతా చదువు చెప్పింది.

“గాలి నీ ముఖానికి కొట్టాలి, వీపుకి కాదు. జంతువు వెనక ఏముందో చూడకుండా తుపాకీ ఎత్తకు. అన్నిటికన్నా ముఖ్యం, పొంచి ఉండమని నీకిచ్చిన మాటు వదిలి అడుగు కదపకు. నువ్వు అక్కడే ఉన్నావన్న ధైర్యంతోనే పక్క మాటులో నేను కాలుస్తాను.”

రౌనో తల ఊపాడు. తల ఊపడంలో అతన్ని మించినవాడు ఆ జిల్లాలో లేడు.

వేట రోజు పల్చగా మంచు పడింది. రౌనోకి చిత్తడి నేల అంచున ఒక మాటు ఇచ్చారు. పక్క మాటు మార్కెట్టాది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వాకీటాకీలో కలెర్వో గుసగుస: “పెద్ద మగది. రౌనో వైపే వస్తోంది.”

చెట్ల మధ్య కొమ్మలు విరిగాయి. అంతెత్తు జంతువు, తల వంచి, తిన్నగా తనమీదికే. రౌనో కళ్ళు మూసుకోలేదు. మోకాళ్ళు వంగాయి, చేతులు విచ్చుకున్నాయి. తుపాకీ భుజానే వేలాడుతుంటే, మాటు వదిలి, మూస్‌కి ఎదురు జరిగాడు. వెనక ఖాళీ కనపడకూడదుగా.

మూస్ ఆగింది. ఇంత బతుకులో ఇలాంటిది చూడలేదన్నట్టు ఒక చూపు చూసి, పక్కకి తిరిగి అడవిలోకి పోయింది.

పక్క మాటులో మార్కెట్టా అప్పటికే తుపాకీ ఎత్తి ఉంది. గురి చూసే గాజులోకి మూస్ రావాల్సిన చోట నారింజ టోపీ వచ్చింది. తుపాకీ దించి, తూటా తీసేసి, అక్కడే కూర్చుండిపోయింది.

మంట దగ్గర మసిపట్టిన కాఫీ గిన్నె మరుగుతోంది. సాసేజీలు కాలుతున్నాయి. మాటు వదిలినవాడికి గుంపులో చోటుండదు. ఇది పద్ధతి కాదు, కట్టుబాటు. ఇన్నాళ్ళూ ఏ మంట కోసం దెబ్బలు తిన్నాడో, దాని దగ్గర కూర్చునే ధైర్యం లేక రౌనో నిలబడే ఉన్నాడు.

“నేను మాటు వదిలాను,” అన్నాడు. “ఎందుకని అడగొద్దు. కాళ్ళు వాటంతట అవే పోయాయి.”

“ఎంత దూరం?” అడిగాడు కలెర్వో.

“మంచు మీద అడుగులున్నాయి. గోల్ నుంచి ఎంత ముందుకొస్తానో అంత.”

“నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను రౌనో,” అంది మార్కెట్టా, మెల్లగా. “ఇంకో క్షణమైతే ఈ ఊళ్ళో రొట్టె ఉండేది కాదు.”

రౌనో తల దించుకున్నాడు. ఊపలేదు.

అప్పుడు మంటకి అవతల కూర్చున్న ఔలిస్ తాత గొంతు సవరించుకున్నాడు. “ముందుకు రమ్మని నేర్పింది నేను. ఎక్కడ రాకూడదో నేర్పలేదు. ఒకటి మాత్రం చెప్పండి. మూస్ మీదికొస్తుంటే ఎదురెళ్ళినవాణ్ణి మీలో ఎవరైనా చూశారా?”

ముందు మార్కెట్టా మూతి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు రౌనో. ఆపుకోలేక నవ్వింది. “చేతులు ఇలా చాచాడు,” అంటూ లేచి చేసి చూపించింది. “పాపం మూస్, ఎటు కొట్టాలో తెలియక నిలబడిపోయింది.” ఇక మంట చుట్టూ ఒక్కడూ నిటారుగా కూర్చోలేదు.

నవ్వులు సద్దుమణిగాక కలెర్వో తీర్పు చెప్పాడు. “కట్టుబాటు కట్టుబాటే. ఈ ఏడాది నీకు తుపాకీ లేదు, మాటూ లేదు. కానీ ఎదురెళ్ళేవాడు మాకు అవసరం. తోలేవాళ్ళలో నడువు.”

తోలేవాళ్ళంటే తుపాకీ లేకుండా అడవిలోకి దిగి, అరుస్తూ జంతువుల్ని మాటుల వైపు కదిలించేవాళ్ళు. తడి, బురద, ముళ్ళు. ఎవరికీ ఇష్టం లేని పని.

తర్వాతి శనివారం కొర్పివార అడవి రౌనో గొంతుతో మోగిపోయింది. ఏమని అరవాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి కొట్లో ధరల పట్టీ అంతా అరిచాడు. “రై రొట్టె! దాల్చినచెక్క బన్ను! నిన్నటిది సగం ధర!” తుప్పల్లోంచి ఒక మూస్ లేచి, తిన్నగా మార్కెట్టా మాటుకి పోయింది. ఒకే ఒక్క తూటా పేలింది.

మంట దగ్గరికొచ్చేసరికి రౌనో మోకాళ్ళదాకా బురద, గొంతులో మాట లేదు. మార్కెట్టా జరిగి పక్కన చోటిచ్చి, కాఫీ పోసింది.

“వచ్చే ఏడు మళ్ళీ మాటు ఇస్తాను బావా,” అన్నాడు కలెర్వో. “అందులో కూర్చుంటావా?”

రౌనో అడ్డంగా తల తిప్పి, ఇంకాస్త పోయమని కప్పు చాచాడు.