కొబ్బరినీళ్లు తాగే మిరియాల తీగ

మా తాత ఇట్టియవిరకు, అంటే మా అప్పచ్చన్‌కు, ఒకటే పిచ్చి. ఇంట్లో ఎక్కడ కొబ్బరికాయ పగిలినా ఆ నీళ్లు పట్టుకెళ్లి మిరియాల కంకులకు చల్లాలి.

ఏ మిరియాల తీగకైనా కంకి ఒంటి పోగులా వేలాడుతుంది. మా పనసచెట్టు మీద పాకిన ఒక్క తీగకు మాత్రం కంకి కొమ్మలు వేసింది, చేతికి వేళ్లున్నట్టు. ఆ రోజు నుంచి అప్పచ్చన్ కాలు నేలమీద నిలవలేదు.

"కొబ్బరినీళ్లలో హార్మోను ఉందే! నిద్రపోయే మొగ్గల్ని లేపి మరీ కొమ్మలు వేయిస్తుంది."

"మరి నా అప్పాల పిండి పులిసి పొంగడానికి ఏం పోయను, నీ తలకాయా?" అంది అమ్మచ్చి, మా నాయనమ్మ.

ఆ ఈస్టరుకు అప్పాలు పొంగలేదు. చర్చి ఫాదర్ ఒకటి మర్యాదకు నమిలి, ఉపవాసం ఇంకా అయిపోలేదని లేచిపోయారు.

వ్యవసాయ కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చి తీగంతా చూసింది. "అప్పచ్చా, ఇది నీళ్ల మహిమ కాదు, తీగ గుణమే అంత. ముక్క కోసి ఎక్కడ నాటినా ఇలాగే కాస్తుంది" అంది. ఏడో తరగతి రెండుసార్లు చదివిన నాకే అర్థమైంది. అప్పచ్చన్ బుద్ధిగా తలూపాడు. ఆ పిల్ల గేటు దాటగానే కొబ్బరినీళ్ల సీసా అందుకున్నాడు.

ఆరుద్ర కార్తె వచ్చింది. మా కొండల్లో తీగ నాటాలంటే అదే అదను, దాటితే ఏడాది పోయినట్టే. అమ్మచ్చి ఆ తీగ నుంచి పదిహేను ముక్కలు కోసి, "పై తోటలో నాటు" అంది.

"పరీక్ష పూర్తి కాలేదు" అంటూ ఆయన అన్నీ బుట్టలో వేసుకుని చక్కా పోయాడు. అమ్మచ్చి తల బాదుకుని నన్ను వెంట తరిమింది.

ఆయన తిన్నగా మా పొరుగింటి త్రేస్యాకుట్టి తోటలోకి దిగాడు. నిరుటి వానలకు తెగులు తగిలి ఆమె తీగలన్నీ నల్లబడి చచ్చాయి. ఒంటరి మనిషి, ఆ తోటే ఆధారం. అయినా ఎవరు తీగ ముక్క ఇవ్వబోయినా, "నేనేం బిచ్చగత్తెనా?" అని తరిమేసింది.

"త్రేస్యా, నీ నేల కావాలి. నా హార్మోను సంగతి మా మట్టిలో తేలడం లేదు."

"నా చెట్లు మీ ఆటలకా అన్నా? వీటికి చాకిరీ ఎవరు చేస్తారు?"

"నువ్వే. కాసిన కంకులన్నీ నీవి. నన్ను కొమ్మలు లెక్కపెట్టుకోనిస్తే చాలు."

ఆమె అరగంట తిట్టింది. పిచ్చి ముసలాడంది, తన పనంతా చెడిందంది. తిడుతూనే పార తెచ్చి గోతులు తీసింది.

తిరిగొస్తూ ఆగలేక అడిగాను. "అప్పచ్చా, అది తీగ గుణమని ఆ అమ్మాయి చెప్పిందిగా? ఇంకేం పరీక్ష?"

ఆయన గాభరాగా వెనక్కి చూశాడు. "మెల్లిగా ఏడవ్వే! త్రేస్యా విందంటే అన్నీ పీక్కొచ్చి మన గుమ్మంలో పడేస్తుంది."