బూడిదతో తోమిన టీపాయి

మా అత్తమ్మ శుభ్రం ఎంతటిదంటే, ఆవిడ బొగ్గును కూడా కడిగి పొయ్యిలో పెడుతుందని మా లైన్‌లో ఆడవాళ్లు నవ్వుకునేవారు. లైన్ అంటే కంపెనీ క్వార్టర్ల వరస. కరీంనగర్ జిల్లాలో, గోదావరి దగ్గరి బొగ్గుబావుల కాలనీ అది. ఎనభైల మొదట్లో నేను అక్కడికి కోడలిగా వెళ్లాను. మాది భైంసా. బాపు అవుసుల పని, అంటే బంగారం పని చేసేవాడు. అత్తగారి వాళ్లూ అవుసులవాళ్లే గానీ, మామయ్య ఎప్పుడో సుత్తి పక్కన పడేసి బావిలోకి దిగాడు, ఆయన వెనక మా ఆయనా దిగాడు. నేను జొన్నరొట్టెను భాకరి అన్నానని లైన్ లైనంతా వారం రోజులు నవ్వింది. నవ్వితే నవ్వారు. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో కొంచెం గొప్పలు వినిపిస్తాయి, ముందే చెప్తున్నాను. చేసినదాన్ని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ లైన్‌లో ఎవరింటికైనా పెళ్లిచూపులకు వస్తున్నారంటే అందరి సామానూ ఆ ఇంటిదే. ఒకరి కుర్చీలు, ఒకరి గాజు గ్లాసులు, ఒకరి దుప్పటి. అడగకముందే తెచ్చి పెట్టేవారు. తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఒక పద్ధతి ఉండేది. వస్తువు తెచ్చినప్పటికన్నా శుభ్రంగా ఉండాలి, ఉత్తగా ఇవ్వకూడదు. గిన్నె అయితే దాంట్లో నాలుగు గరిజెలైనా, అంటే కజ్జికాయలైనా వేసి ఇవ్వాలి. ఈ పద్ధతికి మా అత్తమ్మే పోలీసు. అత్తమ్మ ఇత్తడి బిందెను ఎవరో సొట్టతో తిరిగి తెచ్చారని, నల్లా దగ్గర అందరి ముందూ ఆ మనిషి కళ్లనీళ్లు పెట్టుకునేదాకా దులిపేసిందట. ఆ కథ నాకు పెళ్లయిన మొదటి వారంలోనే చెప్పారు, నన్ను భయపెట్టడానికే అనుకుంటాను.

మా ఆడబిడ్డ పెళ్లిచూపులకు టీపాయి ఓవర్‌మన్ ఇంటి నుంచి వచ్చింది. బావిలో మనుషుల చేత పని చేయించే అధికారిని ఓవర్‌మన్ అంటారు. ఆయన భార్య మా రెండిళ్ల అవతల ఉండేది, అత్తమ్మను అక్కా అని పిలిచేది. టేకు రంగు సన్మైకా అతికిన ఆ టీపాయిని కరీంనగర్‌లో కొని, బస్సు మీద కట్టుకొని తెచ్చుకున్నారు. మా లైన్‌లో అట్లాంటిది ఇంకోటి లేదు. వంగితే మొహం కనిపించేది. ఆవిడ దాన్ని మా ఇంట్లో పెట్టించి, పుట్టింట్లో బోనాలున్నాయని పిల్లల్ని తీసుకొని ఊరికి వెళ్లిపోయింది. నాలుగు రోజుల్లో వస్తానంది.

పెళ్లిచూపులు బాగానే జరిగాయి. పిల్ల నచ్చిందని అక్కడే చెప్పారు. మర్నాడు పొద్దున నేను నల్లా దగ్గర నీళ్లు పట్టుకొని వచ్చేసరికి, వాకిట్లో టీపాయి, దాని ముందు పీట వేసుకొని అత్తమ్మ. ఒక చేతిలో కొబ్బరిపీచు, పక్కన చిప్పలో బొగ్గు బూడిద. మా కాలనీలో బూడిదతో తోమనిది లేదు. కంపెనీ బొగ్గు ఇస్తుంది, పొయ్యి బూడిద ఇస్తుంది, ఇక గిన్నెలేమిటి, లాంతరేమిటి, గడపలేమిటి, అన్నీ బూడిదతోనే తళతళలాడేవి. చాయ మరకలు పోవాలని ఆ మహాతల్లి టీపాయిని కూడా తోమేసింది. తడి మీద ఏమీ కనిపించలేదు. ఆరాక చూస్తే మీదంతా తెల్లగా మబ్బు పట్టినట్టయింది, సున్నాలు సున్నాలుగా గీతలు. అది చాలదన్నట్టు, బయటికి మోసుకొస్తున్నప్పుడు దర్వాజకు తగిలి ఒక మూల చింతగింజంత పెచ్చు లేచిపోయింది.

"ఓ అవ్వో! గిదేందే, గిట్లయింది?" అంది అత్తమ్మ.

నాకు ఒళ్లు మండింది. "అత్తమ్మా, గది ఇత్తడి బిందె కాదు. కట్టె మీద అతికిన పలుచటి రేకు. బూడిదకు ఓర్వది."

"నాకేమెరుక? మెరువాలెనని రుద్దిన."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అత్తమ్మ పొద్దున అన్నం ముట్టలేదు, సాయంత్రమూ ముట్టలేదు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి సంగతి విని, "చెప్పేస్తే అయిపాయె గదనే అవ్వా, గింత దానికి పరేషానెందుకు?" అన్నాడు.

"బిందె సొట్టకు నేను గంత నోరు చేస్తిని. ఇప్పుడు నా మొఖం ఏడ పెట్టుకోవాలెరా?" అంది అత్తమ్మ. "ఆమె నన్ను ఒక్క మాట గూడ అనది. చూసి ఊకుంటది. గదే నాకు సావు."

నిజమే. ఇరవై ఏళ్లు ఆ లైన్‌లో తలెత్తుకొని తిరిగిన మనిషి. ఇక నల్లా దగ్గరికి కూడా రానని, నీళ్లన్నీ నన్నే పట్టుకురమ్మని చెప్పింది. మా ఆయన వడ్లాయనను, అంటే వడ్రంగిని పిలుచుకొచ్చాడు. ఆయన వేలితో మూల తడిమి, "మైకా అంత పీకి కొత్తది ఏయాలె. గీ డిజైను దొరికితే దొరుకుతది, లేకుంటే లేదు. వారం పడ్తది," అన్నాడు. ఓవర్‌మన్ ఇంటావిడ వచ్చేది ఇంక మూడు రోజుల్లో.

నేను మొదట కొబ్బరినూనె రాశాను. గీతలన్నీ మాయం. అత్తమ్మ లేచి రెండు ముద్దలు తిన్నది కూడా. మర్నాటికి నూనె ఆరి గీతలు మళ్లీ పైకి తేలాయి. ఆవిడ మళ్లీ గోడకు ఆనుకొని కూర్చుంది. నూనె లోపల నిలవదు, నిలిచేదేదో నింపాలి అనుకున్నాను. నింపడం అనేసరికి బాపు గుర్తొచ్చాడు. బంగారు గుండ్లు లోపల బోలుగా ఉంటాయి కదా, సొట్ట పడకుండా వాటిలో లక్క కరిగించి పోసేవాడు. పక్కన కూర్చొని కుంపటి ఊదింది నేనే. నా కమ్మల్లో లక్క ఎప్పుడైనా రాలితే పనికొస్తుందని బాపు ఇచ్చిన ముక్క ఒకటి నా పెట్టెలోనే ఉంది. ముదురు గోధుమరంగు, దాదాపు టేకు రంగు.

"ఇంకింత పాడు చేస్తవా పిల్లా?" అంది అత్తమ్మ, నేను లక్క ముక్క తీసి దీపం సిద్ధం చేస్తుంటే.

"ఇంతకన్న పాడయ్యేదేమున్నది అత్తమ్మా?" అన్నాను.

ముందు సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిచాను. ఎక్కడా బూడిద రేణువు మిగలకూడదు, మిగిలితే మళ్లీ గీస్తుంది. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాను. టీపాయి కాలు లోపలివైపు, ఎవరూ చూడని చోట లక్క ఒక చుక్క వేసి చూసుకున్నాను. తర్వాత మూల దగ్గరికి వచ్చాను. మొదటి చుక్క తొందరపడి వేశాను, మరీ కాగింది, బుడగలొచ్చి జల్లెడలా అయింది. గీకి తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. అత్తమ్మ కాళ్లు పట్టుకొని కూర్చుంది, నావి కాదు లెండి, టీపాయివి. "కదలొద్దు అత్తమ్మా," అన్నాను. లైన్‌లో ఎవరి మాటా వినని మనిషి ఊపిరి కూడా బిగబట్టింది. రెండో చుక్క సరిగ్గా పడింది. తడి చెంచా వెనకభాగంతో నొక్కాను, చల్లారాక బ్లేడుతో పొరపొరగా చెక్కి సన్మైకాతో సమం చేశాను. సూది మొనకు కాటుక అంటించి, పక్కనున్న టేకు చారలను ఆ లక్క మీదికి కూడా సాగదీశాను.

ఇక గీతలు. జాకెట్లు కుట్టేటప్పుడు దారానికి రుద్దే మైనం నా దగ్గర ఉంది. మా ఆయన పెళ్లి బూట్ల పాలిష్, అదీ గోధుమరంగే, కొంచెం కలిపి డబ్బా మూతలో కరిగించాను. గుండ్రంగా రుద్దలేదు, గుండ్రంగా రుద్దే కదా అత్తమ్మ కొంప ముంచింది. చార ఎటు పోతే అటే, నిలువుగా, జానెడు జానెడు చొప్పున రుద్దుకుంటూ పోయాను. ఒక గంట ఆగి, మామయ్య పాత ధోతి ముక్కతో మెరుగు పెట్టాను. చేయి పడిపోయేలా నొప్పి పుట్టింది. ఆఖరున అరుగు మీద పెట్టి, ఏటవాలు ఎండలో తల వంచి చూస్తే నా మొహం నాకు కనిపించింది. మొహం నిండా పాలిష్. అయినా నాకు నేను ఎంత బాగున్నానో చెప్పలేను.

ఓవర్‌మన్ ఇంటావిడ వచ్చిన రోజే టీపాయిని తీసుకెళ్లాం. నేనూ మా ఆయనా మోశాం, అత్తమ్మ గరిజెల పళ్లెంతో ముందు నడిచింది. అడుగు ఎంత మెల్లగా వేసిందంటే, ఎప్పుడూ మాకన్నా పది గజాలు ముందుండే మనిషి ఆ రోజు మాకు అడ్డమొచ్చింది. ఓవర్‌మన్ ఇంటావిడ టీపాయిని చేత్తో నిమిరి, "అక్కా, నేనిచ్చినప్పటికన్న కొత్తగున్నది గదా!" అంది. అత్తమ్మ పళ్లెం ఇచ్చి వెనక్కి తిరిగింది. అయిపోయింది, బయటపడ్డాం.

గడప దాటబోతూ అత్తమ్మ ఆగింది. "చెల్లె, జర ఇటు రా," అని ఓవర్‌మన్ ఇంటావిడ చేయి పట్టుకొని లోపలికి నడిచింది.

"గిది నేను బూడిదతోని తోమి ఖరాబ్ చేసిన. ఒక మూల దర్వాజకు తాకించిన, పెచ్చు వోయింది. ఏ మూలనో చెప్పు."

ఆవిడ వంగింది. నాలుగు మూలలూ తడిమింది, గోరుతో గీకి కూడా చూసింది. "ఏడక్కా? పరాచికాలా?"

"దొరుకది," అంది అత్తమ్మ. "నా కోడలు చేసింది."

ఆవిడ నోరు తెరిచి నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను. అన్నం మానేసి మరీ దాచాలనుకున్న తప్పును అత్తమ్మ అంతలోనే గడప అవతలికి కూడా తీసుకెళ్లింది. నల్లా దగ్గర బిందెలు పెట్టుకొని నిలబడ్డవాళ్లను ఆవిడ పిలుస్తున్న గొంతు లోపలికి వినిపించింది. "రాండ్రి, అందరు రాండ్రి! నేను పాడు చేసింది ఏడనో దేవులాడుండ్రి!"