కంప్లైంట్ ఇచ్చిందెవరు?

1982 మామిడి సీజన్. అప్పుడు నేను చిత్తూరులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక అద్దె ఇంటి ముందు గదులు, ఒక ఇన్‌స్పెక్టరు, నేను, ఒక అటెండరు, మా ముగ్గురికంటే ఎక్కువ చప్పుడు చేసే ఒక ఫ్యాను. మిషన్లు పెట్టి పదిమందికి తగ్గకుండా పనిచేయించే ప్రతి చోటా గాలి, వెలుతురు, తాగే నీళ్ళు, మరుగుదొడ్లు సరిగా ఉన్నాయా అని చూడటం మా ఆఫీసు పని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని జనం అనేది మాలాంటి గుమాస్తాలను చూసే. నామట్టుకు నేను వచ్చినవాళ్ళకు కుర్చీ చూపించేవాణ్ణి. చూపించినా చాలామంది కూర్చునేవారు కారు.

చెంగమ్మ కూడా నేలమీదే కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయేమో. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కోత పని. బెంగుళూరు రకం మామిడికాయలు లారీల్లో దిగే ఆ రెండు నెలలూ ఆడవాళ్ళు వరసగా నిలబడి ముచ్చికలు కోసి, తోలు తీసి, ముక్కలు బెల్టు మీద వేస్తారు. సొన పడి వేళ్ళసందులు పొక్కిపోతాయి. ఆమె చేతులు చూసి నేను ఆ సంగతే చెప్పడానికి వచ్చిందనుకున్నాను.

"అది కాదు సార్. మేము నీళ్ళు తాగేది మానుకున్నాం," అంది.

"ఎందుకమ్మా? నీళ్ళ తొట్టి లేదా?"

"తొట్టి ఉండాది. తాగితే పొయ్యేదానికి యాడా చోటు లేదు."

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. ముందు ఫ్యాక్టరీ వెనక చెరుకుతోట ఉండేదట. ఆ మరుగున ఏదో గడిచేది. ఆ ఏడు యజమాని దాన్ని కొని, చదును చేయించి, లారీలు నిలిపేందుకు సిమెంటు వేయించాడు. మగవాళ్ళు రోడ్డు పక్కకు పోయి వచ్చేవారు. ఆడవాళ్ళు పొద్దున బెల్టు దగ్గర నిలబడితే మళ్ళీ చీకటి పడి ఇళ్ళకు పోయేదాకా బిగబట్టుకోవాల్సిందే. మేస్త్రికి చెప్తే "ఇంట్లోనే పొయ్యి రాండి" అన్నాడట. చెంగమ్మకు మూత్రంలో రక్తం పడింది. పెద్దాసుపత్రికి పోయింది.

"బిందెడు నీళ్ళు తాగమన్నాడు సార్ డాక్టరు. ఏడవలేక నవ్వినాను."

ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో వాళ్ళకు వేరేగా, కప్పూ తలుపూ ఉన్న లెట్రిన్లు ఉండాలని చట్టంలో స్పష్టంగా ఉంది. అది చదివి వినిపించాను. ఆమెకు చట్టం మీద అనుమానం లేదు. అనుమానం మా మీద.

"నా పేరు బయటికొస్తే ఎట్ల సార్? మా ఆయన చెట్టు మీద నుంచి పడి నడుము పడిపోయింది. మంచంలోనే ఉండాడు. ఈ పని పోతే మాకు వేరే దోవ లేదు."

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కంప్లైంట్ కాన్ఫిడెన్షియల్. అంటే ఎవరు ఇచ్చారన్నది ఇన్‌స్పెక్టరు ఎవరికీ చెప్పకూడదు. యజమాని ఎంత గుచ్చిగుచ్చి అడిగినా మామూలు తనిఖీ అనే చెప్పాలి. ఆమెకు ధైర్యం చెప్పాలని, "దేవుడడిగినా చెప్పం తల్లీ, పో," అని నవ్వాను. ఆమె చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను.

మా ఇన్‌స్పెక్టరు కృష్ణాజిల్లా మనిషి. కొత్తగా వచ్చాడు, నిక్కచ్చి మనిషి. ఆ ఫ్యాక్టరీకి ఒక్కదానికే పోతే అనుమానం వస్తుందని, చుట్టుపక్కల ఇంకో రెండు మూడు ఫ్యాక్టరీలు కూడా అదే వారం చూసి వచ్చాడు. తర్వాత షోకాజ్ నోటీసు పోయింది. నీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పు అని అడిగే కాగితం అది. యజమాని గట్టిగా ఒక మాట మాట్లాడే రకం కాదు. స్వయంగా వచ్చి, చేతులు కట్టుకుని, "కట్టిస్తాను సార్, మా ఆడబిడ్డలే గదా," అన్నాడు. గోతులు తవ్వించడం కూడా మొదలుపెట్టాడు. కేసు ఇంత సాఫీగా నడవడం చూసి నేను సంతోషపడ్డాను.

ఆ శనివారం కాయ తక్కువొచ్చి పని తొందరగా వదిలారట, ఆఫీసు మూసేవేళకు చెంగమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గడపలోనే నిలబడిపోయింది.

"ఎవురో కంప్లైంట్ ఇచ్చినారని సావుకారుకు అనుమానం. రేపు ఆడోళ్ళందర్నీ కాణిపాకం పిలుచుకోని పోతాడంట సార్. లారీ పెట్టినాడు. పులిహోర కట్టిస్తాడంట. కంప్లైంట్ మేమియ్యలేదని ఒక్కొక్కరే ప్రమాణం చెయ్యాలంట."

మా జిల్లా వాళ్ళకు ఇంక చెప్పాల్సిన పనిలేదు. బయటివాళ్ళ కోసం చెప్తాను. కాణిపాకం వినాయకుడు మాకు ప్రమాణాల దేవుడు. దొంగతనం అనుమానమైనా, అన్నదమ్ముల తగువైనా, మొగుడి తాగుడైనా చివరికి అక్కడికే పోయి తేలుతుంది. తలస్నానం చేసి తడిబట్టలతో ఆయన ముందు నిలబడి ఎవరూ అబద్ధం చెప్పరు. చెప్తే వంశం నిలవదని నమ్మకం. కోర్టు బోనులో తొణక్కుండా బొంకిన వాడు కూడా "కాణిపాకానికి వస్తావా?" అంటే దిగి వస్తాడు. చదువుకున్నానని చెప్పుకునే నేను కూడా అక్కడ అబద్ధం చెప్పలేను.

లోపలికి పోయి ఇన్‌స్పెక్టరుతో చెప్పాను. ఆయనకు నవ్వొచ్చింది.

"చేయమనండి. ఏం పోయింది? పేరు మన బీరువాలో భద్రంగా ఉంది. ఆవిడ కూడా నేనివ్వలేదని అనేస్తే సరిపోతుంది కదండీ."

"సార్, అక్కడ అట్లా అనలేరు."

"అయితే వెళ్ళొద్దని చెప్పండి."

పోకపోతే తానే అని ఒప్పుకున్నట్టు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ ఊరివాడు కాదు, అంతే. పోనీ యజమానిని ఆపుదామా అంటే, కూలీలను గుడికి తీసుకుపోయి పులిహోర పెట్టడం నేరమని ఏ సెక్షన్లోనూ లేదు. నేను బయటికొచ్చి, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "జ్వరమని పడుకోమ్మా," అన్నాను.

"ఒకసారి జ్వరమని చెప్పే మీ దగ్గరికొస్తి. మళ్ళా జ్వరమంటే, గుమ్మడికాయల దొంగ ఎవురంటే భుజాలు తడుముకున్నట్టు గాదా సార్?" అంది. వెళ్ళిపోయింది.

ఆదివారం నాకు అన్నం సహించలేదు.

సోమవారం ఆఫీసు తలుపు తీసేసరికి మెట్టు మీద కూర్చుని ఉంది. పని పోయిందని నేను అనుకున్నాను. పోలేదు. మొగుడికి మందులని చెప్పి పూట సెలవు తీసుకుని వచ్చిందట. జరిగింది ఆమె నోటితోనే విన్నాను.

బెల్టు దగ్గర ఆమె పక్కన నిలబడి కోసే మనిషి సారమ్మ. క్రైస్తవురాలు. చెంగమ్మ మా ఆఫీసుకు వచ్చిన సంగతి ఆ ఫ్యాక్టరీలో తెలిసింది ఆమెకొక్కతికే. లారీ ఎక్కేటప్పుడు మేస్త్రి ఆమెతో "నీది వేరే దేవుడు గదా, నువ్వు రాకపోయినా ఏంలేదులే" అన్నాడట. అయినా ఎక్కింది. కాణిపాకంలో ఆడవాళ్ళందరూ స్నానాలు చేసి తడి చీరలతో వరసలో నిలబడ్డారు. యజమాని పక్కనే చేతులు జోడించుకుని నిలబడి, "నేనెవుర్నీ ఏమీ అననమ్మా, నాకు తెలిస్తే చాలు," అని అందరికీ చెప్పాడు. ముందున్నవాళ్ళు ప్రమాణం చేసి పక్కకు పోతున్నారు. వాళ్ళకేం, నిజమే చెప్తున్నారు. చెంగమ్మ వంతు దగ్గరికొస్తోంది. ఆమె ముందున్నది సారమ్మ.

"సారమ్మ ముందరికి పొయ్యి, నేను ప్రమాణం చెయ్యను సావుకారా, ఇచ్చింది నేనే అనేసింది సార్. నాకు నోరు పెగల్లేదు."

యజమాని కోప్పడలేదట. "నిజం చెప్పినావు, మంచిది," అన్నాడట. ప్రమాణాలు అక్కడితో ఆపించాడు. అందరితోపాటు సారమ్మకూ పులిహోర పొట్లం ఇప్పించి, రేపటినుంచి పనికి రావద్దన్నాడు.

"అందరూ తిన్నారు సార్. నేనూ తిన్నాను. తినకపోతే ఎవురన్నా కనిపెడతారని తిన్నాను," అని చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈసారి ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. చాలా కోపం వచ్చింది ఆయనకు. సారమ్మను పిలిపించమన్నాడు. మర్నాడు చీకటి పడ్డాక ఇద్దరూ కలిసే వచ్చారు. సారమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చుంది.

"చూడమ్మా, కంప్లైంట్ ఇచ్చినందుకు నన్ను పనిలోంచి తీసేశాడని రాసివ్వు. లేబర్ ఆఫీసరు దగ్గరికి నేనే పంపిస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనియ్యలేదు గదా సార్."

"పోనీ, ఇవ్వలేదనే చెప్పు. ఇవ్వనిదానికి తీసేశాడని రాద్దాం."

"అప్పుడు ఇచ్చిందెవురని అడగరా సార్?"

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. నేను బీరువా వైపు చూశాను. సారమ్మ ఇవ్వలేదని మేము నిరూపించాలంటే చెంగమ్మ వేలిముద్ర బయట పెట్టాలి. పెట్టకూడదని చట్టం, పెట్టబోమని మేమిచ్చిన మాట. ఒకరిని కాపాడటానికి పెట్టిన తాళం ఇంకొకరికి అడ్డమైంది. సీజన్ కూలీలకు ఉద్యోగ రక్షణ అంతంత మాత్రం. యజమానిని అడిగితే కాయ తగ్గింది, మనుషులు ఎక్కువయ్యారు అని రాసిచ్చేస్తాడు.

గోడ దగ్గరున్న చెంగమ్మ ఉన్నట్టుండి లేచింది. "నేను పొయ్యి చెప్పేస్తాను సార్, నేనేనని."

సారమ్మ తల తిప్పకుండానే అంది. "గమ్మునుండు మే. నువ్వు పొయ్యి చెప్తే ఇద్దరం ఇంట్లో కూర్చుంటాం. నేను చెప్పిన అబద్ధం దేనికీ పనికిరాకుండా పోతాది."

చెంగమ్మ కూర్చుండిపోయింది. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు ఆ రోజు ఏడుపొచ్చినంత పనయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం మనిషిని లోపల తినేస్తుంది.

ఆ సీజన్ అయిపోకముందే లెట్రిన్లు తయారయ్యాయి. రేకు తలుపులు, పక్కన నీళ్ళ తొట్టి. ఇన్‌స్పెక్టరు పోయి చూసి, ఆదేశాలు అమలైనట్టు రాశాడు. నేను ఫైలు మూసి కట్ట కట్టాను. పై ఆఫీసు నుంచి మెప్పు కూడా వచ్చింది.

కొన్నేళ్ళకు తిరుపతికి పోతూ పాకాల జంక్షన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, ఉడకబెట్టిన చెనిక్కాయల గంపతో ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. సారమ్మ. భర్తకు రైల్వేలో పట్టాలు సరిచేసే గ్యాంగు పని దొరికితే కాపురం అక్కడికి మార్చారట. రైలు రావడానికి టైముంది. గంప దించి కూర్చుంది.

"ఆ లెట్రిన్లకు తలుపులుండాయా సార్ ఇంకా?"

"ఉన్నాయి. మొన్ననే కొత్తవి వేయించాం."

"మేలు. నేను సూడనేలేదు."

ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. ఎందుకట్లా చేశావమ్మా అని.

"మా ఇంట్లో పనికి పొయ్యే చేతులు నాలుగు. ఆమింట్లో రెండు. అంతే సార్. అప్పుడు పెద్దగా ఆలోచన చెయ్యలేదు. అది నా దేవుడు గాదు గదా, నాకేం భయమని అనుకున్నా. ఇంటికి పోయినాక భయమేసింది. యా దేవుడైనా ఆయన ముందర చెప్పింది అబద్ధమే గదా. మా చర్చి అయ్యగారి దగ్గర చెప్పుకుని ఏడ్చినాను."

"చెంగమ్మ ఎట్లా ఉంది?"

ఆమె గంపలో చెనిక్కాయలు అటూ ఇటూ కలిపింది.

"నాతో మాట్లాడదు సార్."

"గొడవ పడ్డారా?"

"గొడవ పడింటే బాగుండు. మొదట్లో నాకు కూరాకో బియ్యమో తెచ్చిచ్చేది. నీ ఇంట్లోనే లేవు, నాకెందుకు మే అంటి. తర్వాత నన్ను సూస్తానే ఏడ్సేది. ఆ తర్వాత నేను ఎదురొస్తే దోవ మార్చుకోని పొయ్యేది. మొన్న మా ఊర్లో పెండ్లికి పోతే ఒకే పందిట్లో ఉండాం. తల ఎత్తలేదు. నేనేమీ అడగలేదు సార్ ఆమెను. ఏదన్నా ఒకటి అడిగి తీసుకోనుంటే బాగుండేమో."

ఆమెది నీ మీద కోపం కాదమ్మా, బాధ అన్నాను. "తెలుసు సార్," అంది. రైలు కూత వినిపిస్తే గంప ఎత్తుకుని పెట్టెల వైపు పోయింది.

రిటైరయ్యేదాకా ఎవరైనా ఒంటరిగా కంప్లైంటుతో వస్తే నేను కాగితం తీయడానికి ముందు ఒకటే అడిగేవాణ్ణి. నీతోపాటు ఇంకెవరున్నారు, వాళ్ళను కూడా పిలుచుకుని రాగలవా అని. కొందరు పదిమందితో తిరిగొచ్చారు. కొందరు మళ్ళీ రాలేదు. రానివాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ పేరు ఒక్కటి దాస్తే మనిషిని కాపాడినట్టేనని మాత్రం మళ్ళీ ఎప్పుడూ నమ్మలేదు. ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఇప్పుడు దాహమేస్తే నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళకు ఆ నీళ్ళు దక్కించిన ఇద్దరు మాత్రం ఒక పందిట్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నారు.