స్కూటరెక్కిన అడవి జీపీఎస్

మా మామ దారి అడగడు. ముప్పై ఏళ్లు నల్లమలలో అడవి కాపలా కాసిన మనిషి. చెట్టు మొదలు చూసి దిక్కు చెప్పేవాణ్ణి, టీ కొట్టు దగ్గర నిలబడి ఫలానా ఊరు యాడ అని అడగాల్నా అంటాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ మాట నాకు గొప్పగా అనిపించేది. ఆయన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తిప్పడం మొదలుపెట్టాక దాని అసలు రుచి తెలిసింది.

కంటి ఆపరేషను తర్వాత ఆయన చేత బండి మాన్పించింది మా అత్త. మా ఆయన ఉద్యోగం కర్నూలులో. నేను కోయిలకుంట్ల దగ్గరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంట్లో ఉన్న ఒక్క స్కూటరూ నాదే కాబట్టి మామకు డ్రైవర్నీ నేనే.

ఆయన రిటైరయ్యే ముందు, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు తన సొంత జీపీఎస్ ఆయన చేతిలో పెట్టి పోయాడట. కొండల్లో, అడవుల్లో నడిచేవాళ్లు చేత్తో పట్టుకునే రకం. పసుపు రంగు రబ్బరు తొడుగు, అగ్గిపెట్టెంత తెర, పైన బొటనవేలంత యాంటెన్నా, వెనక రెండు పెన్ సెల్లులు. అందులో రోడ్లుండవు, ఊళ్ల పేర్లుండవు. ఏదైనా చోట నిలబడి మీట నొక్కితే ఆ చోటుకు ఒక నంబరిచ్చి దాచుకుంటుంది. ఎప్పుడైనా మళ్లీ ఆ నంబరు నొక్కితే అది ఎటువైపుందో ఒక బాణం గుర్తు, ఇంకెంత దూరమో ఒక అంకె చూపిస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. మామ దాన్ని తాడుతో మెడలో వేసుకునేవాడు, ఇంట్లో కూర్చున్నా సరే. మా అత్త దాన్ని ఆయన తాళిబొట్టు అనేది.

పోయిన మే నెలలో ఒక ఆదివారం మేమిద్దరం జమ్మలమడుగు అవతల ఒక పల్లెకు పోవలసి వచ్చింది. అక్కడ మామ వాళ్లక్క ఉంటుంది. నాకు పెద్దత్త. అంతకు ముందు నెల ఆమె మా ఇంట్లో ఉండి, నంద్యాలలో కట్టుడు పళ్ల సెట్టుకు కొలతలిచ్చి పోయింది. సెట్టు తయారై మా ఇంటికి చేరేసరికి శనివారమైంది. ఆదివారం వాళ్ల ఊళ్లో దేవర. ఊరి దేవతకు పొట్టేళ్లు కోసి, బంధువులందరినీ పిలిచి పెట్టుకునే పండగ. పెద్దత్త శనివారం సాయంత్రమే ఫోను చేసింది.

"మధ్యాన్నం లోపల నా పళ్లు రావల్ల. ఇంటినిండా కూర ఉడుకుతాంటే నేను చూస్తా కుచ్చోవల్లనా?"

పొద్దున్నే ఆరింటికి బయల్దేరాలనుకున్నవాళ్లం ఎనిమిదింటికి బయల్దేరాం. పళ్ల సెట్టును స్టీలు డబ్బాలో నీళ్లు పోసి, మూత బిగించి, స్కూటరు డిక్కీలో పెట్టాను. ఆ ఊరికి నేను ఒక్కసారే, అదీ జీపులో వెనక కూర్చుని పోయాను. అందుకని ఫోనును హ్యాండిలుకు బిగించి దాంట్లో దారి పెట్టుకున్నాను. మామ ఆ ఫోను వంక, పక్కింటివాళ్ల కొత్త కోడలిని చూసినట్టు చూశాడు.

సంజామల దాటాక ఎండ ముదిరింది. రెండు పక్కలా శనగ కోసేసిన నల్లరేగడి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. జమ్మలమడుగు ఊరు దాటి ఐదారు మైళ్లు పోయామో లేదో, ఫోను తనకు వేడెక్కిందనీ చల్లారేదాకా పని చెయ్యననీ రాసి, తెర నల్లగా ఆర్పేసుకుంది. బండి ఆపి తడి గుడ్డ చుట్టాను, చీర కొంగుతో విసిరాను. లేవలేదు.

మామ మొహంలో వెలుగు చూడాలి. "మనిషన్నాక, మిషనన్నాక, ఎండకు నిలబడల్లమ్మా," అని జేబులోంచి రెండు సైకిలు ట్యూబు ముక్కలు తీశాడు. అంటే ఇంటి దగ్గరే ఆశ పెట్టుకుని బయల్దేరాడన్నమాట. మెడలోని జీపీఎస్ డబ్బాను తీసి, ఆ ముక్కలతో స్కూటరు అద్దం కాడకు గట్టిగా కట్టాడు. నాలుగైదేళ్ల కిందట అక్క ఇంటికి బస్సులో పోయినప్పుడు వాకిట్లో నిలబడి పాయింటు పెట్టానని, దాని నంబరు పద్నాలుగని, అక్క పుట్టినరోజు మరిచిపోయినా ఆ నంబరు మరిచిపోననీ చెప్పాడు. పద్నాలుగు నొక్కాడు. ఐదు కిలోమీటర్ల నూరు మీటర్లు. బండి కాస్త ముందుకు పోనియ్యగానే బాణం ఎడమ పక్క పొలాల్లోకి చూపించింది.

మేమున్న తారు రోడ్డు కుడికి ఒంపు తిరిగి ఉంది. బస్సు పోయే రోడ్డు మీదే పోదాం మామా అన్నాను. బస్సు ఊరూరా చుట్టి పోతుందని, డబ్బా చూపేది సూటి దారనీ ఆయన వాదన. ఇంకా నేను ఒప్పుకోకపోయేసరికి అసలు బాణం తీశాడు.

"రెండు చుక్కల మధ్య తక్కువ దూరం సరళరేఖ అని పిల్లోళ్లకు చెప్పేది నువ్వే గదమ్మా?"

పదిహేనేళ్లుగా నేను చెబుతున్న మాట నాకే తగిలింది. బండి ఎడమకు తిప్పాను.

బండిబాట మొదట బాగానే ఉంది. తర్వాత ఒక చిన్న పల్లె, ఆ పల్లె మధ్యలో మూడు దార్ల కూడలి వచ్చాయి. ఏ దారో చూద్దామని ఆపాను. ఆపగానే బాణం పిచ్చెత్తినట్టు తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి బడి వైపు, ఒకసారి నీళ్ల ట్యాంకు వైపు, ఒకసారి నా వైపే. ఏమైందని అడిగితే, అది నడిచే మనిషికి చేసిన మిషననీ, కదులుతుంటేనే దానికి దిక్కు తెలుస్తుందనీ, నిలబడితే తెలియదనీ మామ చెప్పాడు. మరి నిలబడకుండా దారి చూసుకోవడమెలా? కూడలిలో గుండ్రంగా తిప్పమన్నాడు.

తిప్పాను. మొదటి చుట్టులో బాణం సర్దుకుంది గానీ అప్పటికే నా బండి మొహం మరో దిక్కుకు మళ్లింది. రెండో చుట్టులో మామ "ఈ పక్క, కాదు ఆ పక్క" అన్నాడు. మూడో చుట్టుకు టీ కొట్టు బెంచీ మీది జనం గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. నాలుగో చుట్టులో ఒక పెద్దమనిషి చాలా మర్యాదగా అడిగాడు.

"ఏమ్మా, బండి నేర్చుకుంటాండావా?"

నేను సిగ్గుతో చచ్చిపోయి ఆ ఊరి పేరు చెప్పి దారి అడగబోయాను. మామ నా భుజం నొక్కి, గొంతు పెంచి, "సర్వే" అన్నాడు. ఆ ఒక్క మాటకు బెంచీ జనం గ్లాసులు కింద పెట్టేశారు. పెద్దమనిషి పక్కకు జరిగి దారి వదిలాడు. ఏ దారి వదిలాడో ఆ దారే పట్టుకుని పోయాం.

తర్వాత గంటసేపు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా నడుము నొస్తుంది. బాణం చూపిన చోటల్లా ఏదో ఒకటి అడ్డం. ఒకచోట నిలువునా పాతిన నాపరాళ్ల కంచె, ఒకచోట ఎండిపోయిన ఇసుక వంక. వంకలో నేను దిగి బండి తోస్తుంటే మామ వెనకనుంచి తోస్తూ దూరం చదువుతున్నాడు. రెండు కిలోమీటర్ల నాలుగు నూర్లు. ఒకటిన్నర. కిలోమీటరు. అంకె తగ్గుతుండేసరికి, నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఉత్సాహం వచ్చింది. డిక్కీలో పళ్లు డబ్బాకు కొట్టుకుని గలగలమంటున్నాయి.

మూడు నూర్ల మీటర్లు ఉందనగా కంప చెట్ల మధ్యనుంచి బయటపడ్డాం. ఎదురుగా తారు రోడ్డు. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. గంట కిందట మేము వదిలేసిన బస్సు రోడ్డే అది.

మామ రోడ్డు వెంట మెల్లగా పోనిమ్మన్నాడు. ఎనభై. నలభై. పదిహేను. ఆరు. అక్కడ ఆపాను. ఇల్లు లేదు, ఊరు లేదు. ఒక కల్వర్టు, దాని పక్కన దుక్కి చేసిన చేను, చేన్లో ఎద్దుల బండి మీదినుంచి పశువుల ఎరువు దించుకుంటున్న ఒక రైతు. మామ స్కూటరు దిగి, డబ్బాను ఊడదీసి, చేతిలో పట్టుకుని చేను గట్టు మీద ముందుకు నాలుగడుగులు, వెనక్కు నాలుగడుగులు నడిచాడు. బాణం ఆయన కాళ్ల కిందికే చూపిస్తోంది.

రైతు పార కింద పెట్టి వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. ఆయన చూపు మామ మీద లేదు, పసుపు డబ్బా మీదే ఉంది.

"సార్, రోడ్డు వెడల్పు చేస్తారంటాండారు. నా చేన్లో ఎంత పోతాది?"

ఆ గొంతులో భయం విన్నాక ఇక సర్వే అనే ధైర్యం మామకు చాలలేదు. డబ్బా చెయ్యి కిందికి దించేశాడు.

"లేదప్పా. మేము దావ తప్పినోళ్లము."

నా పెళ్లయిన పదేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. రైతు ఊపిరి పీల్చుకుని నవ్వాడు. ఎక్కడికి పోవాలో, ఈ డబ్బా ఏమిటో కనుక్కున్నాడు. మామ చెబుతూ చెబుతూ కల్వర్టు వైపు చూసి ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఆ రోజు బస్సు టైరు పగిలింది ఇక్కడే. ఏమీ తోచక, తోటి ప్రయాణికులకు డబ్బా ఎలా పని చేస్తుందో చూపించడానికి ఇక్కడ మీట నొక్కాడు. అది పద్నాలుగు. అక్క వాకిట్లో నొక్కింది పదిహేను.

"ఆ బస్సా?" అన్నాడు రైతు. "నాకు బాగా జ్ఞాపకముండాదిలే సామీ. చెనిక్కాయ పంట చేతికొచ్చి ఉండె. మూడు గంటలు బస్సు కదల్లే. జనమంతా దిగి, చెట్లు పీకి కాయలు ఒలుచుకోని తినిరి. నేనొచ్చేతలికి గట్టునుంచి రెండు సాళ్లు బోడిగా ఉండాయి."

మామ చెయ్యి డబ్బా తాడును మెలిపెడుతోంది. అడవిలో మోపు కట్టెలు ఎత్తుకుపోయినవాళ్లను కూడా వదలక కేసులు రాసిన మనిషని మా అత్త ఎప్పుడూ చెప్పేది. నేను ఆకాశం వైపు చూశాను.

"నేను రెండు చెట్లే పీకినాను," అన్నాడు చివరికి. కాసేపాగి, "మూడు," అన్నాడు.

రైతు నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. బస్సునిండా జనంలో ఒప్పుకున్నవాడు ఇన్నేళ్లకు ఒకడొచ్చాడని, కండ్లు తుడుచుకుంటూ లేచి, ఎద్దుల బండి కింద నీడలో పెట్టుకున్న మజ్జిగ చెంబు తెచ్చి మాకిచ్చాడు. మామ తాగనన్నాడు. చెనిక్కాయలు అడగకుండా తింటివే, ఇచ్చిన మజ్జిగ తాగేదానికి ఏమొచ్చిందని రైతు గదిమితే తాగాడు. పెద్దత్త ఊరు అదే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లేనట. ఎక్కడా తిరగవద్దన్నాడు.

మేము చేరేసరికి పన్నెండున్నర దాటింది. పెద్దత్త వసారాలో నోటికి కొంగడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. పళ్లు రాలేదని చెప్పుకోలేక, ఈ రోజు ఒక్కపొద్దున్నానని వచ్చిన చుట్టాలందరికీ చెప్పిందట. పళ్ల డబ్బా తీసి చూస్తే నీళ్లన్నీ దార్లోనే ఒలికిపోయాయి గానీ పళ్లకేమీ కాలేదు. లోపలికి పోయి కడుక్కుని పెట్టుకుని వచ్చింది. సంగటి ముద్ద, పక్కన మాంసం కూర. ఒక్కపొద్దు ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మొదటి ముక్క చాలాసేపు నమిలింది. ఇల్లంతా ఆమె దవడ వైపే చూస్తోంది.

"పండ్లు బాగుండాయి," అంది. ప్రతి మాటకూ కొంచెం ఈల కలిసి వస్తోంది. "కూరలో ఉప్పే లేదు." తర్వాత తమ్ముడి వైపు తిరిగి ఇంత ఆలస్యం ఎందుకయిందని అడిగింది.

మామ నా వైపు చూశాడు. బండి పంచరయింది పెద్దత్తా, అన్నాను నేను. ఆయన పంక్తిలో నా పక్కన కూర్చుని, తన ఆకులోని కాలేయం ముక్కలన్నీ ఏరి నా ఆకులో వేశాడు. కాలేయం ఆయన ప్రాణమని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఎండ వాలాక తిరుగు ప్రయాణమయ్యాం. కడుపునిండా తిన్నాడు, పొద్దంతా వంకల్లో బండి తోశాడు. జమ్మలమడుగు దాటకముందే ఆయన తల నా వీపుకు ఆనింది. పిలిస్తే ఊ అంటున్నాడు గానీ నిద్ర ఆగడం లేదు. బండి పక్కకు ఆపి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మా ఇద్దరి నడుములూ కలిపి ముడి వేశాను. కోడలు మామను నడుముకు కట్టుకుని పోతుంటే బస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూసి నవ్వారు. నేను బండి ముప్పై దాటనివ్వకుండా, గుంత వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి వెనక్కు పెట్టి ఆయన మోకాలు పట్టుకుంటూ ఇంటికి తెచ్చాను.